ఎదురింటికి గంటా ఐదు నిమిషాలు

సుగమనగర్‌కి మారిపోదామా వద్దా అన్న మాట మా ఇంట్లో నాలుగు నెలలుగా నానుతోంది. మారదామన్నది మా ఆవిడ భ్రమరాంబ. వద్దన్నది నేనని చెప్పడానికి వీల్లేదు. పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో నేను దేన్నీ వద్దన్న పాపాన పోలేదు. "చూద్దాంలే" అన్నాను, అంతే. ఈలోగా మా ఇంట్లో రెండు మిక్సీలు పోయాయి, మూడు ఫ్యాన్లు పోయాయి, ఆ మాట మాత్రం కొత్తలో ఎలా పనిచేసేదో ఇప్పటికీ అలాగే పనిచేస్తోంది.

సుగమనగర్ బెజవాడకి ప్యాసింజరు రైల్లో యాభై నిమిషాలు. పొద్దున ఊరు ఊరంతా రైలెక్కి బెజవాడ ఆఫీసులకి వస్తుంది, సాయంత్రం అదే రైల్లో కునికిపాట్లు పడుతూ వెనక్కి పోతుంది. నేను బెజవాడలో ఒక బీమా ఆఫీసులో గుమాస్తాని. సత్యనారాయణపురంలో రెండు గదుల వాటాలో అద్దెకుంటున్నాం. కిటికీ తీస్తే పక్కింటి గోడ కనబడుతుంది. పద్దెనిమిదేళ్లుగా చూసీ చూసీ ఆ గోడంటే నాకు అభిమానం ఏర్పడిపోయింది.

భ్రమరాంబకి గోడల మీద అలాంటి మమకారాలు లేవు. ఆమెకున్నది ఒక్కతే అక్క, హైమవతి. మేము బెజవాడలో పాతుకుపోతే ఆవిడ భర్త బదిలీల వెంట ఆదోని, బొబ్బిలి, మదనపల్లె తిరిగింది. పెళ్లిళ్లయ్యాక అక్కచెల్లెళ్లిద్దరూ ఒక్క ఊళ్లో ఉన్నది లేదు. ఏడేళ్ల కిందట ఆవిడ భర్తకి సుగమనగర్‌లో స్థిరంగా ఉద్యోగం కుదిరింది. ఇప్పుడు సరిగ్గా వాళ్ల ఎదురిల్లు ఖాళీ అయింది.

"ఒక్క రోడ్డు దాటితే అక్క. కూర దింపితే గిన్నె చల్లారకముందే వాళ్లింట్లో ఉంటుంది. ఇంకేం కావాలండీ మనకి?" అంది భ్రమరాంబ.

ఆ ఇల్లుగలాయన మంచివాడు. "నాలుగు రోజులు ఉండి చూడండి. ఆదివారం సాయంత్రం ఆరింటికల్లా ఔనో కాదో చెప్పేయండి. ఇంకో ఇద్దరు అడుగుతున్నారు," అని తాళాలు చేతిలో పెట్టేశాడు. సెలవు పెట్టి, రెండు చాపలూ ఒక కుక్కరూ సంచీలో కుక్కుకుని, బుధవారం పొద్దున రైలెక్కాం.

స్టేషను హైమవతి వదిన గారి ఇల్లున్న వైపే, ఇంటిని ఆనుకునే ఉంది గనుక ఇదివరకు ఎప్పుడొచ్చినా రోడ్డు దాటే పని మాకు పడలేదు. ఆవిడ మాకు పెసరట్లు పెట్టి, బాల్కనీలోకి తీసికెళ్లి, "అదుగోనమ్మా మీ ఇల్లు," అని చూపించింది. అరవై అడుగుల రోడ్డు. అవతల నీలం గేటు, గోడ మీద రెండు కుండీలు. ఒకదాంట్లో తులసి, ఒకదాంట్లో మరువం అని ఇక్కణ్నుంచే తెలుస్తోంది.

"సామాను పడేసి ఐదు నిమిషాల్లో వచ్చేస్తాం అక్కా. మధ్యాహ్నం భోజనం ఇక్కడే," అంది భ్రమరాంబ.

వదిన గారు మా ఇద్దరి వంకా జాలిగా చూసింది. "ఇప్పుడు పదిన్నరైంది. భోజనానికి రావాలంటే అక్కడికి చేరగానే కూచోకుండా మళ్లీ బయల్దేరాలమ్మా," అంది.

ఆ మాట మాకు అర్థం కాలేదు. కిందికి దిగాం. రోడ్డు మధ్య గోడ లేదు, కంచె లేదు. కెమెరాలు తగిలించిన ఒక స్తంభం, దాని కింద ఒక బోర్డు ఉన్నాయి. "ఈ నగరంలో పాదచారులు లేరు. దయచేసి మీరూ కావద్దు" అని రాసి ఉంది.

ఈ ఊళ్లో మనుషులు రోడ్డు మీద నడవరు. ప్రతి వీధి కిందా మనుషుల కోసం సొరంగాలు తవ్వారు. కాగితాల మీద వాటి పేరు అధోమార్గాలు, ఊళ్లోవాళ్ల నోట్లో బొరియలు. వదిన గారి గేటుకి దగ్గరగా ఉన్నది ఏడో నంబరు బొరియ. దాని మూతి దగ్గర ఖాకీ చొక్కా వేసుకుని, ఈల మెడలో వేసుకుని, దావీదు అనే కాపలాదారు కూర్చుని ఉన్నాడు.

"అవతలికి పోవాలయ్యా," అన్నాను.

"ఇది అవతలికి పోదండి," అన్నాడు దావీదు.

"మరెక్కడికి పోతుంది?"

"ఇవతలికే పోద్దండి. ఇటు దిగి అటు మూల ఎక్కొచ్చు. అదీ ఇవతలే."

నేను సంచీ కింద పెట్టాను. దావీదు ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. "ముందు అవతలికే తవ్వారండి. తీరా చూస్తే అవతలి మెట్లు నైరుతిలో తేలినయ్యంట. సిద్ధాంతి గారొచ్చి, నైరుతిలోంచి జనం పైకొస్తే ఊరికి అరిష్టం అన్నారంట. దాంతో ఆ మూతి పూడ్చేసి, ఈశాన్యం చూసి ఇటుపక్కే ఇంకోటి పెట్టారండి."

"ఇటు దిగి ఇటే ఎక్కితే ఏం లాభమయ్యా?"

"పొద్దున పూట పెద్దాళ్లు వస్తారండి, మోకాళ్లకి మంచిదని. మీరు అవతలికే పోవాలంటే దీంట్లో దిగి, మధ్య హాలుకి పోయి, పదకొండులో దూరి, నాలుగులో తేలాలండి. నాలుగుకి వాస్తు బాగుంది."

నలభై రెండు మెట్లు దిగాం. నడిచాం. మధ్య హాల్లో నలుగురు ఆడవాళ్లు కూరగాయల సంచీలు పక్కన పెట్టుకుని కాళ్లు నొక్కుకుంటున్నారు. పదకొండులో ఒకాయన ఎదురై, ఇది ఎన్నో నంబరని మమ్మల్నే అడిగాడు. గంటా ఐదు నిమిషాలకి నీలం గేటు చేరాం. తాళం తీసి బాల్కనీలోకి వెళ్లేసరికి అవతల వదిన గారు నిలబడి చెయ్యి ఊపుతోంది. భ్రమరాంబ కూడా ఊపింది. బస్సుల మోతలో మాట వినబడదు. చివరికి అరవై అడుగుల దూరంలో ఉన్న అక్కకి ఫోన్ చేసింది.

"నీకు ముందు ఆ ఇంట్లో రామతులశమ్మ గారని ఉండేది," అంటోంది వదిన గారు ఫోన్లో. "ఆరేళ్లు రోజూ పొద్దునా సాయంత్రం చేతులు ఊపుకునేవాళ్లం. అదే మా స్నేహం. దగ్గర్నించి మొహం ఎలా ఉంటుందో నాకు తెలీదు. ఖాళీ చేసి వెళ్లిపోతున్నారని తెలిసి, ఒక్కసారి చూద్దామని బయల్దేరాను. నేను నాలుగులో పైకి తేలేసరికి సామాను లారీ సందు మలుపు తిరుగుతోందమ్మా. అందుకే ఆ ఇల్లు నువ్వు తీసుకుంటే బాగుండునని అడిగాను."

ఆ సాయంత్రం నేను ఒక లెక్క వేశాను. "చూడు. బెజవాడ నుంచి మీ అక్కింటికి యాభై నిమిషాలు. ఎదురింటి నుంచి మీ అక్కింటికి గంటా ఐదు. అక్కకి దగ్గరగా ఉండాలంటే మనం బెజవాడలో ఉండటమే నయం."

భ్రమరాంబ కుక్కరు కడిగి బోర్లించింది. చాప పరిచి అటు తిరిగి పడుకుంది. ఆ లెక్క వేయకుండా ఉండాల్సింది. ఒప్పయిన లెక్కలే ఇంట్లో ఎక్కువ చేటు చేస్తాయి.

మర్నాడు పొద్దున మమ్మల్ని చూడటానికి వదిన గారి భర్త పానకాలరావు గారు జీపులో వచ్చారు. ఆయన నగర పాదచారి ప్రాధికార సంస్థలో అధోమార్గాల విభాగం డిప్యూటీ డైరెక్టరు. ఈ రూళ్లలో సగం ఆయన స్వహస్తాలతో రాసినవే. ఎదురింటి నుంచి ఎదురింటికి రావడానికి ఆయన జీపు నాలుగు కిలోమీటర్లు పోయి, వంతెన కింద తిరిగి, నాలుగు కిలోమీటర్లు వెనక్కి వచ్చింది.

"తమ్ముడూ శేషగిరీ," అన్నారు మా కోసం జీపులో తెచ్చిన రెండు కుర్చీల్లో ఒకదాంట్లో కూర్చుంటూ, "రోడ్డు దాటడం అనేది అవికసిత సమాజాల లక్షణం. మన సంస్థ ఆ దశను అధిగమించింది. గత ఏడేళ్లుగా భూతలంపై నమోదైన పాదచారుల సంఖ్య శూన్యం."

"ఫుట్‌పాత్‌లు కూడా కనబడలేదు అన్నయ్యగారూ."

"తొలగించాం. పాదచారి లేని చోట ఫుట్‌పాత్ నిర్వహించడం మీద ఆడిట్ వారు అభ్యంతరం తెలిపారు."

"మరి గేటు తీసి బొరియ దాకా నడుస్తున్నాం కదా. అది నడక కాదా?"

పానకాలరావు గారు చిరునవ్వు నవ్వారు. ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టున్నారు. "గేటుకీ అధోమార్గానికీ మధ్య ఆకుపచ్చ రంగు పూసిన పట్టీ ఉంది. దాన్ని సంక్రమణ పట్టీ అంటాం. దాని మీద ఉన్నంతసేపూ వ్యక్తి పాదచారి కాడు. భావి పాదచారి."

ఆదివారం ఢిల్లీ నుంచి ఒక కమిటీ వస్తోందట. పాదచారులే లేని నగరంగా సుగమనగర్‌కి శూన్య పాదచారి పురస్కారం ఇవ్వబోతోందట. దేశంలో ఇంకే ఊరికీ రాలేదట. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. పాపం, మనిషి నిజంగానే నమ్ముతున్నాడు.

"వానొస్తే ఎలా బావగారూ?" అని అడిగింది భ్రమరాంబ, మబ్బు వంక చూస్తూ.

"వర్షమా? దానికీ విధివిధానం ఉందమ్మా," అన్నారు.

ఆ విధివిధానం ఏమిటో మధ్యాహ్నానికల్లా తెలిసింది. రెండు గంటల పాటు కుండపోతగా కురిసింది. వెలిశాక వెళ్లి చూస్తే మా వైపు నాలుగో నంబరు బొరియలో పదో మెట్టు దాకా నీళ్లు. మూతికి తాడు కట్టి కొత్త బోర్డు వేలాడదీశారు. "ఈ అధోమార్గం దసరా వరకు జలాశయంగా పరిగణించబడును. చేపపిల్లలు పెరుగు కాలము గనుక పాదచారులు నీటిని కదిలించరాదు." దావీదుకి ఇవాళ ఇక్కడ డ్యూటీ వేశారు. ఈల తీసేసి వల ఇచ్చారు.

"ఏటేటా ఇంతేనండి," అన్నాడు. "మోటార్లు పెట్టి తోడదామంటే తోడే విభాగం వేరే ఉందంట. చేపలోళ్లు ముందు అడిగారు, ఆళ్లకిచ్చేశారు. బొచ్చె చేపలు బాగా పెరుగుతాయండి ఇందులో."

"మరి దసరా దాకా మేము అవతలికి ఎలా పోవాలి?"

"బండి ఉందాండి మీకు?"

"లేదు."

"అయితే మీరు ఇవతలేనండి."

వాకిట్లో నిలబడితే అవతల వదిన గారు గారెలు వండుతున్న వాసన వస్తోంది. మినప్పప్పు గారెలకి రోడ్డు రూళ్లు తెలియవు. భ్రమరాంబ ఆ పూటంతా బాల్కనీలోనే కూర్చుంది. మారదామని నన్ను మళ్లీ అడగలేదు. అడిగితే బాగుండునని మొదటిసారి నాకే అనిపించింది.

శుక్రవారం పొద్దున ఆమె నాకు చెప్పకుండా బయల్దేరింది. నీళ్లు ఎంత తగ్గాయో చూసొద్దామని నాలుగో బొరియ మెట్లు దిగిందట. మూడో మెట్టు మీద జారింది. కాలు మడతపడింది. దావీదు లేవదీసి చెయ్యి పట్టుకుని కుంటించుకుంటూ గేటు దాకా తీసుకొచ్చేసరికి నేను పరిగెత్తాను.

నాకంటే ముందు ఇంకొకరు వస్తున్నారు. అవతల వంటింటి కిటికీలోంచి చెల్లెలు కుంటడం చూసిన హైమవతి వదిన గారు, చేతిలో గరిటె చేతిలోనే ఉండగా, మెట్లు దిగి, గేటు తీసి, నేరుగా రోడ్డు మీదికి నడిచి వచ్చేసింది. ఏడేళ్ల రూలు ఆవిడకి గుర్తే రాలేదు. స్తంభం మీద కెమెరా తల తిప్పింది. పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారీ మోగని సైరన్ బొంగురు గొంతుతో కూసింది. ఆవిడ అదీ వినలేదు. వచ్చి చెల్లెలి కాలు ఒళ్లో పెట్టుకుని, "ఎక్కడే నొప్పి? ఇక్కడా?" అంటోంది.

దావీదు ఈల కోసం మెడ తడుముకున్నాడు. ఈల లేదు. వల పట్టుకుని నిలబడిపోయాడు.

మధ్యాహ్నం మూడింటికి సంస్థ ఆఫీసులో అత్యవసర సమావేశం. సాక్షిగా నన్నూ జీపులో ఎక్కించుకుపోయారు. చైర్మన్ గారు తల పట్టుకుని కూర్చున్నారు. పక్కన పానకాలరావు గారు, మొహంలో నెత్తురు చుక్క లేకుండా. ఎదురుగా వదిన గారు, వంట మధ్యలో వచ్చేసినందుకు విసుగ్గా. బల్ల మీద ఒక ప్లాస్టిక్ సంచీలో గరిటె.

"కెమెరాలో నమోదైంది. చెరిపే అవకాశం లేదు, ఢిల్లీ కంప్యూటర్‌కి పోయింది," అన్నారు చైర్మన్ గారు. "ఆదివారం కమిటీ వస్తోంది. నగరంలో ఒక పాదచారి ఉన్నట్టు తేలితే పురస్కారం గల్లంతు. పానకాలరావు గారూ, నిబంధన చదవండి."

పానకాలరావు గారు చదివారు. "భూతలంపై సంచరించు ప్రతి పదార్థము పాదచారి గాని, వాహనము గాని, పశువు గాని అయి ఉండవలెను."

 ఏడేళ్ల కిందట ఆ వాక్యం రాసిన మనిషి తన భార్య వంక ఒకసారి చూశారు. పశువు అన్న మాట ఎత్తే ధైర్యం ఆయనకి లేదు. ఎత్తితే ఆ ఇంట్లో అన్నం పుట్టదని నాకూ తెలుసు.

"అయితే," అన్నారు నెమ్మదిగా, "వాహనమే అయి ఉండాలి."

చైర్మన్ గారు తల ఎత్తారు. "వాహనానికి నిర్వచనం?"

"ఇంధనం స్వీకరించి, బరువు మోయుచు, స్వయంశక్తితో కదులునది."

"ఇంధనం?" అని చైర్మన్ గారు వదిన గారిని అడిగారు.

"పొద్దున ఒక గ్లాసు కాఫీ తాగుతానండి. తర్వాత రెండు ఇడ్లీలు."

"మైలేజీ?"

నేను సాక్షిని గనుక లేచాను. "సాయంత్రం దాకా వస్తుందండి. మధ్యలో ఎవరైనా కాఫీ పోస్తే ఇంకా వస్తుంది."

"ఈ పరికరం?" అంటూ గరిటె చూపించారు.

"సంకేత సూచిక," అన్నారు పానకాలరావు గారు వెంటనే. ఆయనకి ఊపిరి తిరిగింది. "మలుపు తిరిగేముందు చాపడానికి."

"అంతా బాగుంది. చోదకుడెవరు? చోదకుడు లేని వాహనం నేరం."

పానకాలరావు గారు ఏదో అనబోయేలోగా వదిన గారు అంది. "ముప్పై ఏళ్లుగా నేనే నడుపుతున్నానని ఆయన అనుకుంటున్నారండి. ఆయనే నడుపుతున్నారని నేను పైకి అంటుంటాను. ఏదో ఒకటి రాసుకోండి."

స్వయంచాలిత వాహనం అని రాసుకున్నారు. గంటలో నంబరు ప్లేటు తయారైంది. సు.న. ఒకటి. ముందు మెడలో ఒకటి, వెనక ముడికి ఒకటి. కాలుష్య పరీక్షకి ఒక ఉద్యోగి దగ్గరగా వచ్చి, ఆవిడ చూసిన చూపుకి దూరం నుంచే సరేనని సంతకం పెట్టాడు. నాలుగున్నరకి వదిన గారు ఆఫీసు నుంచి బయటికొచ్చి, గరిటె ఎడమ పక్కకి చాపి, రోడ్డుకి ఎడమవైపుగా నడుచుకుంటూ మా ఇంటికి వచ్చింది. బస్సులు వెనక నెమ్మదిగా వచ్చాయి. నంబరు ఉన్న బండిని తోసేయడానికి లేదు కదా.

ఊళ్లో ఈ వార్త నిప్పులా పాకింది. శనివారం పొద్దున ఆరింటికే ఆఫీసు ముందు బారు. ఏడేళ్లు బొరియల్లో తిరిగి తిరిగి మోకాళ్లు అరగదీసుకున్న జనం వాహనాలైపోవడానికి తండోపతండాలుగా వచ్చారు. ఒకరికి ఇచ్చి ఇంకొకరికి కాదంటే మొదటిది చెల్లదని లాయరు చెప్పాడట. పానకాలరావు గారు చేసేది లేక సంతకాలు పెడుతూ కూర్చున్నారు. రెండు కాళ్లున్నాయి గనుక నన్ను ద్విచక్ర వాహనాల్లో రాసుకున్నారు. కర్ర పట్టుకుని నడిచే ముసలాయన ఆటో కిందికి వచ్చాడు. చంకలో పిల్లనెత్తుకున్న ఆవిడకి ప్రయాణికుల పర్మిట్ ఇచ్చారు. కట్టు కట్టుకుని కుంటుతున్న భ్రమరాంబ మాత్రం ఫిట్‌నెస్‌లో తప్పింది. షెడ్డులో ఉంచమని రాసిచ్చారు. ఆ కాగితం పట్టుకుని ఆమె నవ్విన నవ్వు ఇన్నేళ్లలో నేను వినలేదు. ఇంటికొచ్చాక కూడా గోడకి ఆనుకుని నవ్వుతూనే ఉంది.

సాయంత్రానికి ఆ రోడ్డు చూడాలి. కాయగూరల బండి దగ్గర ఇద్దరు ఆడవాళ్లు ఆగి ఏడేళ్ల కబుర్లు చెప్పుకుంటున్నారు. ఎదురెదురు ఇళ్లవాళ్లు పేర్లు అడిగి తెలుసుకుంటున్నారు. "మీరేనా ఆ పసుపుపచ్చ మేడ? దగ్గర్నుంచి ఇలా ఉంటారన్నమాట," అంటున్నారు. నోటితో హారన్ కొట్టుకుంటూ పిల్లలు పరుగులు. వెనక కార్లు ఆగిపోయాయి. ఎటూ కదలలేక, ఖాళీగా ఉన్నాయి కదా అని, స్కూటర్లవాళ్లు మెల్లగా నీళ్లు చేరని బొరియల్లోకి దిగిపోయారు.

ఆదివారం కమిటీ వచ్చింది. ముగ్గురు పెద్దమనుషులు ఏసీ కారులోంచి రోడ్డంతా చూశారు. లెక్కలు చూశారు. పాదచారులు, శూన్యం. నమోదైన చిన్న వాహనాలు, నాలుగు వేల చిల్లర, అవీ ఒక్కరోజులో. "కాలుష్య రహిత వాహనాల విషయంలో ఈ నగరం సాధించిన పురోగతి అపూర్వం," అని రాసి, పురస్కారంతో పాటు ప్రత్యేక ప్రశంస కూడా ఇచ్చి, చైర్మన్ గారికీ పానకాలరావు గారికీ బంతిపూల దండలు వేసి, మూడింటి రైలుకి పరుగెత్తారు.

ఐదూ నలభై అయింది. ఇల్లుగలాయనకి మాట చెప్పడానికి ఇరవై నిమిషాలు ఉంది. వదిన గారు మా వంటింట్లో కాఫీ పెడుతోంది. భ్రమరాంబ బాల్కనీలో కుర్చీ మీద కాలు చాపుకుని కూర్చుంది. నా వంక చూడటం లేదు. ఈ నంబరు ప్లేట్ల వేడుక ఎన్నాళ్లుంటుందో, ఏ క్షణాన ఏ కొత్త నిబంధన వస్తుందో, మళ్లీ చేతులు ఊపుకుంటూ మిగిలిపోతారేమోనని నాకు భయంగా ఉంది. ఇల్లు కాదంటే ఆమె మొహం చూడలేను. ఔనంటే ఆ బొరియల్లో ఆమె మళ్లీ ఎక్కడ జారిపడుతుందోనని గుబులు. ఏమీ తేలక నిలబడి ఉన్నాను.

అవతల గేటు చప్పుడైంది. పానకాలరావు గారు దండతోనే వచ్చి రోడ్డు అంచున నిలబడ్డారు.

"హైమా, కాఫీ," అని అరిచారు.

"ఇక్కడ పెట్టాను, ఇక్కడికి రండి," అంది వదిన గారు మా బాల్కనీలోకి వచ్చి.

"డ్రైవరు వెళ్లిపోయాడు. జీపు లేదు."

"అందరూ నడిచే వస్తున్నారు కదండీ."

"నాకు నంబరు లేదు."

నిజమే. ఊరందరికీ నంబర్లిచ్చిన మనిషికి నంబరు లేదు. రిజిస్ట్రేషన్ అధికారి ఆయనే. తనకి తాను ఇచ్చుకుంటే అధికార దుర్వినియోగం. ఇచ్చే పైవాడు ఎవరో నిబంధనలో రాయడం ఏడేళ్ల కిందట ఆయనే మర్చిపోయారు. అరవై అడుగుల అవతల భార్య కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. దానిమీంచి ఆవిరి లేస్తోంది.

ఆయన కెమెరా వంక చూశారు. ఎడమకాలు రోడ్డు మీద పెట్టి వెనక్కి తీసుకున్నారు. కుడివైపు నుంచి ఇటుకల లారీ వస్తోంది. అప్పుడు ఆయన కుడిచెయ్యి దానంతటదే లేచింది. అరచెయ్యి లారీకేసి చాపి, లారీ వంక మాత్రం చూడకుండా, తల కాస్త వంచుకుని నడవడం మొదలుపెట్టారు. మన దేశంలో ఆ విద్య ఎవరూ ఎవరికీ నేర్పరు. ఏడేళ్లు జీపులో తిరిగినా పోలేదు.

లారీ కీచుమంటూ ఆగింది. డ్రైవరు తల బయటపెట్టాడు.

"ఏం బాబాయ్, ఇంట్లో చెప్పొచ్చావా?"

పానకాలరావు గారు నడిరోడ్డు మీద ఆగిపోయారు. ఎన్నేళ్లయిందో ఆయన్ని ఒకడు అలా అడిగి. బంతిపూల దండ సర్దుకుని, మా బాల్కనీ వైపు చెయ్యి చూపించారు.

"చెప్పే వస్తున్నానయ్యా. మా ఆవిడ అక్కడే ఉంది," అన్నారు.

మెట్లెక్కి పైకొచ్చేసరికి ఆయాసపడుతున్నారు. సైరన్ కూస్తోంది, ఎవరూ పట్టించుకోలేదు. కుర్చీలో కూలబడి కాఫీ సగం తాగాక నా వంక చూశారు. ఈసారి ఆయన మాటలో ఆఫీసు లేదు.

"ఇరవై నాలుగు అంగలే తమ్ముడూ. లెక్కపెట్టాను. ఈ రూలు రాయడానికి నాకు రెండు నెలలు పట్టింది. కొట్టేయించాలంటే ఎంత తిప్పలు పడ్డా రెండేళ్లు పడుతుంది."

"అందాకా ఎలా అన్నయ్యగారూ?"

"అందాకా ఇట్టాగే చెయ్యి చాపుకుంటూ వస్తాను. మీరు ఇక్కడ ఉంటే. ఎవరూ లేని ఇంటికి రోడ్డు దాటి రాలేను కదా."

గ్లాసు కింద పెట్టి, ఇంకో అర గ్లాసు పొయ్యమన్నారు. వదిన గారు లేవబోతే భ్రమరాంబ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, కుంటుకుంటూ తనే వంటింట్లోకి వెళ్లింది. నేను ఫోన్ తీసి ఇల్లుగలాయనకి ఔనని చెప్పాను.